లోపలి బట్టల్లో కనిపించని చేతులు

1939 ఆగస్టులో, రెండో ప్రపంచయుద్ధం ఇక కొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, హార్స్ట్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ పారిస్‌లో ఒక ఫొటో తీశాడు. దాన్ని 'మేన్‌బోషే కార్సెట్' అంటారు. అందులో ఒక స్త్రీ మనకు వీపు పెట్టి కూర్చుని ఉంటుంది. తల పక్కకి వాల్చి, చేతులు పైకి ఎత్తి ఉంటుంది. నడుముకి బిగించే కార్సెట్ తాళ్ళు వదులై, ఒక తాడు కిందికి వేలాడుతుంటుంది. వెలుగునీడల్లో ఆమె పాలరాతి శిల్పంలా కనిపిస్తుంది. మొహం మనకు దొరకదు. అసలు ప్రతిలో ఆ కార్సెట్‌కీ ఆమె ఒంటికీ మధ్య కొంచెం ఎడం ఉంటుంది. 'వోగ్' పత్రికకు వెళ్ళేటప్పుడు రీటచ్ చేసి ఆ వదులు తగ్గించారు.

నేను ఈ ఫొటోని చాలాసార్లు చూశాను. అందంగా ఉందని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ చూసిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వస్తాయి. కార్సెట్ పీడ ఆడవాళ్ళకి మొదటి ప్రపంచయుద్ధం నాటికే వదిలిపోయిందని ఫ్యాషన్ చరిత్రలు చెబుతాయి కదా, మరి 1939లో ఇది ఎక్కడి నుంచి వచ్చింది? రెండోది, ఈ చిత్రానికి ఫొటోగ్రాఫర్ పేరుంది, డిజైనర్ పేరుంది. 1990లో మడొన్నా తన 'వోగ్' పాట వీడియోలో దీన్ని అనుకరించింది కాబట్టి ఆ పేరు కూడా చేరింది. ఆ కార్సెట్ కుట్టిన చేతుల పేరు ఏ పుస్తకంలో ఉంది?

రెండు యుద్ధాల మధ్య కాలపు దుస్తుల గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ ఒక మాట వాడతారు, 'కళల ప్రభావం' అని. క్యూబిజం వచ్చింది, గౌన్లు గీతలు గీసినట్టు నిటారుగా మారాయి. సర్రియలిజం వచ్చింది, టోపీలు చెప్పులయ్యాయి. ఈ వాక్యాల్లో కళ ఎప్పుడూ ఇచ్చేది, బట్ట ఎప్పుడూ పుచ్చుకునేది. కళ ఎక్కువగా మగవాళ్ళది, బట్ట ఎక్కువగా ఆడవాళ్ళది కాబట్టి ఈ ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ లెక్క సరిచూడాలంటే పైబట్ట చాలదు, లోపలి బట్ట తీసి చూడాలి.

మొదట విముక్తి కథ చూద్దాం. కార్సెట్ అంటే పక్కటెముకల నుంచి తుంటి దాకా తిమింగలం ఎముకలతోనూ ఉక్కుపట్టీలతోనూ బిగించే కవచం. దాన్నుంచి ఆడవాళ్ళను విడిపించింది తానేనని చాటుకున్నవాడు పాల్ ప్వారే. 1909లో రష్యన్ బాలే పారిస్ వచ్చింది. 1910లో 'షెహెరజాదె' నృత్యరూపకానికి లియోన్ బాక్‌స్ట్ వేసిన రంగులూ, షరాయిలూ చూసి పారిస్ ఊగిపోయింది. ప్వారే కూడా ఆ గాలిలోనే నడుము లేని అంగీలు, తలపాగాలు తయారు చేశాడు. అదే 1910 ప్రాంతంలో ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఇంకో వస్తువుంది, హాబుల్ స్కర్ట్. చీలమండల దగ్గర ఎంత ఇరుకంటే వేసుకున్నవాళ్ళు అంగ మీద అంగ వేయలేరు. రొమ్ముల్ని విడిపించి కాళ్ళకు సంకెళ్ళు వేశానని ఆయనే ఆత్మకథలో గొప్పగా చెప్పుకున్నాడు. ఇంతకంటే నిజాయితీ గల ఒప్పుకోలు మనకింకేం కావాలి? మగవాడు ప్రసాదించే విముక్తి ఒక చోట ముడి విప్పి ఇంకో చోట వేస్తుంది.

యుద్ధం తర్వాత వచ్చింది 'గార్సాన్' రూపం. గార్సాన్ అంటే ఫ్రెంచిలో కుర్రాడు. దానికి స్త్రీలింగం చేర్చి 1922లో విక్టర్ మార్గెరిత్ 'లా గార్సాన్' అనే నవల రాశాడు. స్వేచ్ఛగా బతికే అమ్మాయి కథ. ఆ నవల రాసినందుకు ప్రభుత్వం ఆయనకిచ్చిన లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు వెనక్కి తీసుకుంది. జుట్టు కత్తిరించుకుని, మోకాలిదాకా గౌను వేసుకుని, సిగరెట్ కాల్చే ఆ అమ్మాయి బొమ్మ ఇప్పటికీ విముక్తికి గుర్తుగా చలామణీలో ఉంది.

ఆ గౌను లోపల ఏముందో చూడండి. గౌను గొట్టంలా నిటారుగా దిగాలంటే రొమ్ములు ఉండకూడదు, పిరుదులు ఉండకూడదు. ఉన్నవాళ్ళేం చేయాలి? ఇంగ్లండులో సిమింగ్టన్ కంపెనీ 'సైడ్ లేసర్' అని ఒక లోదుస్తు తయారు చేసింది. రెండు పక్కలా తాళ్ళు లాగి కట్టుకుంటే రొమ్ములు చదునైపోతాయి. తుంటిని అణచడానికి రబ్బరు పట్టీల గర్డిల్ ఉండేది. పైనుంచి కిందిదాకా ఒకటే అయిన 'కార్సెలెట్' వచ్చింది. కార్సెట్ పోలేదు, మెత్తబడి చోటు మార్చుకుంది. అది చేయలేని పనిని పథ్యం, వ్యాయామం చేశాయి. పూర్వం తాడు లాగడానికి పనిమనిషి కావలసి వచ్చేది. ఇప్పుడు తన ఒళ్ళు తనే బిగించుకోవడం ఆడదానికి నేర్పారు.

బయట స్వేచ్ఛ ఎంత? 1920 జూలైలో ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. గర్భనిరోధం గురించి ప్రచారం చేయడం నేరం, గర్భస్రావాన్ని ప్రోత్సహించడం నేరం. యుద్ధంలో పోయిన జనాభాని ఆడవాళ్ళు మళ్ళీ కని ఇవ్వాలి కదా. ఓటు హక్కు 1944 దాకా రాలేదు. అంటే 1920లలో పారిస్ వీధిలో మోకాళ్ళు కనిపించేలా నడిచిన ఆ అమ్మాయికి తన కడుపు మీద హక్కు లేదు, పార్లమెంటు మీద హక్కు లేదు. గౌను పొడుగుని బట్టి స్వేచ్ఛని కొలిచేవాళ్ళకి ఈ రెండు తేదీలు గుర్తు చేయాలనిపిస్తుంది నాకు.

అయితే ఆడవాళ్ళు ఈ కథలో ఊరికే కొలతలిచ్చి కూర్చోలేదు. 1914లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే అమెరికన్ యువతి రెండు చేతిరుమాళ్ళూ రిబ్బనూ కలిపి కుట్టుకున్న బ్రాకి పేటెంట్ తీసుకుంది. మిన్స్క్ దగ్గర పుట్టి అమెరికాకు వలసపోయిన ఐడా రోజెన్‌తాల్, ఆమె భాగస్వామి ఎనిడ్ బిసెట్ న్యూయార్క్‌లో బట్టల దుకాణం నడిపేవాళ్ళు. చదునుచేసే బాడీల మీద తాము కుట్టిన గౌన్లు ఒంటికి నప్పడం లేదని 1922 ప్రాంతంలో రొమ్ముల ఆకారాన్ని ఒప్పుకునే బ్రా తయారు చేసి గౌనుతో పాటు ఇచ్చారు. 'మెయిడెన్‌ఫామ్' అలా పుట్టింది. దుకాణంలో కొనుగోలుదారు ఒంటి మీద బట్ట ఎలా కూర్చుంటుందో చూసే కంటి నుంచి వచ్చిన ఆలోచన అది. 1930లలో అదే పరిశ్రమ రొమ్ములకి ఎ, బి, సి, డి అని అక్షరాలు అంటించి అంగడి కొలతలకి ఒదిగించింది. స్త్రీల తెలివి వ్యాపారం చేతిలో మళ్ళీ స్త్రీల మీదికే కొలతబద్దగా ఎలా వస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇక నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. మాదలీన్ వియోనే 1876లో పుట్టింది. బాల్యం దాటకుండానే కుట్టుపనికి వెళ్ళింది. పారిస్‌లో కాలో అక్కచెల్లెళ్ళ దగ్గర పనిచేసింది. ఆ అక్కచెల్లెళ్ళ దుకాణం 1895లో మొదలైంది లేసులు, లోదుస్తులతోనే. తర్వాత 1907లో దూసే దగ్గర పనిచేసేటప్పుడు మోడళ్ళని కార్సెట్లు లేకుండా, ఉత్త కాళ్ళతో నడిపించింది. 1912లో సొంత సంస్థ పెట్టి, యుద్ధంలో మూసేసి, యుద్ధం తర్వాత మళ్ళీ తెరిచి 1939 దాకా నడిపింది.

వియోనే చేసిన పని చెప్పడానికి చాలా సులువు. మామూలుగా బట్టని పడుగు వెంట నిలువుగా కోస్తారు. ఆమె ఏటవాలుగా కోసింది. మన టైలర్లు జాకెట్టుకి 'క్రాస్ కట్' అంటారే, అదే సూత్రాన్ని గౌను మొత్తానికి వర్తింపజేసింది. పడుగుకీ పేకకీ ఐమూలగా కోసిన బట్ట సాగుతుంది, ఒంటి వంపుని పట్టుకుని దిగుతుంది, మనిషి కదిలితే కదులుతుంది. లోపల కవచం అక్కర్లేదు. అలా కోయడానికి మామూలు పన్నా చాలదని ప్రత్యేకంగా ఎక్కువ పన్నా ఉన్న క్రేప్ నేయించుకుంది. కాగితం మీద బొమ్మలు గీయడం కాకుండా, చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ చుట్టి చూసుకుంటూ పనిచేసింది. 1930ల పట్టు నైట్‌గౌన్లు, పొడవాటి స్లిప్పులు, వీపు తెరిచిన సాయంకాలపు గౌన్లు అన్నీ ఈ కోతకి రుణపడినవే. ఆ గౌన్లని చూసిన కొందరు ఇవి నైట్‌గౌన్లలా ఉన్నాయని ముక్కు మీద వేలేసుకున్నారు. నిజమే మరి. లోపలి బట్టలోని మెత్తదనమూ సౌఖ్యమూ పైబట్టలోకి నడిచి వచ్చాయి.

దీన్ని విమర్శకులు ఎలా రాస్తారు? గ్రీకు శిల్పాల ప్రభావం, గ్రీకు కలశాల మీది బొమ్మల ప్రభావం, ఇటాలియన్ ఫ్యూచరిస్టు తయాత్ ప్రభావం అని. 1919లో ఆమె సంస్థకి తయాత్ ముద్ర గీసిచ్చిన మాట నిజం. గ్రీకు కలశాలని ఆమె ఇష్టపడిన మాటా నిజం. కానీ గ్రీకు కలశాన్ని చూసినవాళ్ళు వేలమంది ఉన్నారు. క్రేప్ గుడ్డని ఐమూలగా లాగితే ఎంత సాగుతుందో వేళ్ళకు తెలిసినవాళ్ళు ఎందరున్నారు? ఆ జ్ఞానం మ్యూజియంలో దొరకదు. చిన్నప్పటి నుంచి సూదీ దారంతో బతికిన శరీరంలో ఉంటుంది. మన విమర్శకి ఆ జ్ఞానాన్ని జ్ఞానం అనడానికి మాటలే లేవు. అందుకే కళ్ళకు కనిపించిన కలశాన్ని పట్టుకుంటుంది.

వియోనేకి ఈ సంగతి బాగా తెలుసు. తన ప్రతి గౌనునీ ముందు, వెనక, పక్క నుంచి ఫొటోలు తీయించి దాచింది. లేబుల్ మీద తన బొటనవేలి ముద్ర వేయించింది. నకళ్ళు చేసేవాళ్ళ మీద పోరాడింది. ఆమె దగ్గర వెయ్యిమందికి పైగా పనిచేసేవారు, ఎక్కువమంది స్త్రీలు. వాళ్ళకి భోజనశాల, వైద్యశాల, జీతంతో కూడిన సెలవులు, ప్రసూతి సెలవు ఏర్పాటు చేసింది. ఆ వెయ్యిమందిదీ ఒక్కో వేలిముద్ర అక్కడ పడి ఉంటే బాగుండుననిపిస్తుంది. అయినా, బొటనవేలి ముద్ర అంటే మన దేశంలో నిరక్షరాస్యతకి గుర్తు. చేతిపనివాళ్ళు దాన్నే సంతకం చేసుకుంటే అందులో ఒక ధిక్కారం కనిపిస్తుంది నాకు.

ప్రభావం బాణం ఎటు నుంచి ఎటు పోయిందో ఇంకా స్పష్టంగా చూడాలంటే సోనియా దెలోనే దగ్గరికి వెళ్ళాలి. 1911లో ఆమె తన పసిబిడ్డకి గుడ్డముక్కలతో బొంత కుట్టింది. రష్యన్ రైతుల ఇళ్ళల్లో కుట్టే బొంతల్లాంటిది. అది కుట్టాక ఆ ముక్కల అమరికలో క్యూబిస్టు చిత్రాల పోలిక కనిపించిందనీ, తర్వాత ఆ పద్ధతినే బొమ్మలకి వాడాననీ ఆమె చెప్పింది. ఆ బొంత ఇప్పుడు పారిస్‌లో జాతీయ ఆధునిక కళా మ్యూజియం సొత్తు. అంటే నైరూప్య చిత్రకళ చరిత్రలో ఒక దారి ఉయ్యాల పక్క నుంచి మొదలైంది. 1917 విప్లవం తర్వాత రష్యా నుంచి రాబడి ఆగిపోతే ఇల్లు నడిపింది ఆమె కుట్టించిన బట్టలే. 1925 పారిస్ ప్రదర్శనలో సొంత అంగడి పెట్టింది. 1927లో సోర్బోన్‌లో దుస్తుల మీద చిత్రకళ ప్రభావం గురించి ప్రసంగించింది. చివరికి ఆమె కూడా ఆ శీర్షికే పెట్టుకోవలసి వచ్చింది! బొంత ప్రభావం చిత్రకళ మీద అంటే సోర్బోన్ వినేదా?

అదే కాలంలో మాస్కోలో ల్యుబోవ్ పొపోవా, వర్వారా స్తెపనోవా 1923-24లలో మొదటి ప్రభుత్వ అద్దకం మిల్లులో చేరి జనం కట్టుకునే చవక నూలుబట్టలకి డిజైన్లు చేశారు. తమని కేవలం బొమ్మలు గీసేవాళ్ళుగా ఉంచొద్దనీ, ఉత్పత్తి నిర్ణయాల్లో భాగం ఇవ్వమనీ మిల్లుని అడిగారు. పొపోవా 1924లోనే చనిపోయింది. మిల్లులో చేరడం కళ నుంచి దిగజారడమని ఆ ఇద్దరూ అనుకోలేదు. ఆ హెచ్చుతగ్గుల్ని పెట్టింది మనం.

సర్రియలిస్టుల సంగతి మరీ విచిత్రం. 1936లో మెరెట్ ఒపెన్‌హైమ్ అనే యువతి బతుకుతెరువు కోసం స్కియాపరెల్లి సంస్థకి నగల డిజైన్లు చేసేది. బొచ్చు తొడిగిన గాజు ఒకటి తయారు చేసింది. కాఫీ హోటల్లో పికాసో, డోరా మార్ దాన్ని చూసి, బొచ్చుతో దేన్నయినా కప్పొచ్చే అని మాటలాడుకోవడంలోంచి బొచ్చు కప్పు, సాసరు, చెంచా పుట్టాయి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధ సర్రియలిస్టు వస్తువు అదే. దానికి 'బొచ్చులో భోజనం' అని పేరు పెట్టింది ఆంద్రే బ్రెతన్. ఆ నగ లేకుండా ఆ కప్పు లేదు. అయినా ఏ పుస్తకమూ 'సర్రియలిజం మీద ఫ్యాషన్ ప్రభావం' అని అధ్యాయం మొదలుపెట్టదు.

1938లో పారిస్‌లో జరిగిన సర్రియలిస్టు ప్రదర్శనలో బట్టలకొట్టు బొమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్క కళాకారుడు ఒక్కొక్క బొమ్మని అలంకరించాడు. ఆంద్రే మాసోన్ తన బొమ్మ తలని పక్షిపంజరంలో పెట్టి, నోటికి గుడ్డ కట్టి దానిమీద పువ్వు పెట్టాడు. అదే ఏడు ఎల్సా స్కియాపరెల్లి, సాల్వడార్ దాలీ కలిసి 'అస్థిపంజరం గౌను' చేశారు. నల్లటి క్రేప్ గౌను మీద పక్కటెముకలు, వెన్నెముక, తుంటి ఎముకలు లోపల దూది కూరి కుట్టి ఉబ్బెత్తుగా పైకి తేల్చారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఆడబొమ్మ నోరు మూయడం అందం. రెండోచోట, ఇన్నాళ్ళూ కార్సెట్ ఎముకలు నొక్కిపెట్టిన ఒంటి ఎముకలు బట్ట చీల్చుకుని వచ్చినట్టు బయటపడ్డాయి. దాలీ పేరు లేకపోతే రెండోదాన్ని కళగా చూసేవాళ్ళు కాదేమో.

ప్రభావాల జాబితాలో వలసరాజ్యాలు కూడా ఉన్నాయి. 1925లో పారిస్ వచ్చిన నల్లజాతి నర్తకి జోసఫిన్ బేకర్‌కి ఆ మరుసటేడు అరటిపళ్ళ లంగా కట్టి 'ఆదిమ' సౌందర్యమని మురిశారు. 1935లో కపూర్తలా రాణివాసపు కోడలు సీతాదేవి చీరలు చూసి స్కియాపరెల్లి చీరకట్టు పోలిన గౌన్లు చేసింది. ఈమె మన పిఠాపురం సీతాదేవి కాదు. కోయని, కుట్టని గుడ్డ ఒంటిని ఎలా కప్పుతుందో మన అమ్మమ్మలకి రోజువారీ సంగతి. పారిస్‌లో అది సీజన్ వింత. చూసేవాడి స్థానాన్ని బట్టి ఒకరి బతుకు ఇంకొకరికి 'ప్రేరణ' అవుతుంది.

ఇన్ని పట్టుగౌన్ల మధ్య అసలు పట్టు ఎంతమంది కట్టారు? ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలకీ, అంగళ్ళలో అమ్మే అమ్మాయిలకీ దొరికింది కృత్రిమ పట్టు, రేయాన్. కలపగుజ్జు నుంచి తీసే ఆ నూలు చవక లోదుస్తుల్లో మెరుపు తెచ్చింది. చాలామంది శ్రామికస్త్రీలకి ఒంటికి తగిలే మొదటి మెత్తదనం అదే. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కానీ విస్కోస్ రేయాన్ తయారీలో కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు. దాని ఆవిరి పీల్చిన కార్మికుల నరాలు దెబ్బతినేవి, కొందరికి మతి చలించేది. అమెరికాలో 1930ల చివర పెన్సిల్వేనియా మిల్లుల్లో ఈ విషప్రభావం మీద జరిగిన పరిశోధనకి నాయకత్వం వహించింది ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు. 1929 మార్చిలో టెనెసీ రాష్ట్రం ఎలిజబెత్‌టన్ రేయాన్ మిల్లుల్లో జీతాలు తక్కువని మొదట పని ఆపి బయటికి వచ్చింది ఆడపిల్లలే. వాళ్ళలో ఒకమ్మాయి కోర్టుకి జెండా రంగుల దుస్తులు వేసుకుని వచ్చి జడ్జి ముందు నిలబడింది. దుస్తులతో మాట్లాడటం ఎలాగో దాలీ ఆమెకి నేర్పలేదు.

ఇదంతా మనకెందుకు అనే ప్రశ్న వస్తుందని తెలుసు. బాడీని తీగ మీద తువ్వాలు కింద దాచి ఆరేసుకున్న ఇళ్ళల్లో పెరిగిన వాళ్ళం మనం. ఎండ తగలని ఆ గుడ్డ గురించి మాట్లాడటం సిగ్గుమాలినతనం, దాని గురించి రాయడం సాహిత్యం కాదు. ఆ సిగ్గుకీ, కుట్టుపనిని కళ అనకపోవడానికీ మూలం ఒకటే. స్త్రీల ఒంటికి దగ్గరగా ఉన్నది ఏదైనా సరే, అది శ్రమ అయినా నైపుణ్యం అయినా ఆలోచన అయినా, చూపు ఆనకుండా దాటిపోవాలి. చూపు ఆనితే అది మగచూపే అయి ఉండాలి. హార్స్ట్ ఫొటోలో కార్సెట్ గోడ మీదికెక్కొచ్చు, మన పెరట్లో బాడీకి తువ్వాలు కప్పాలి.

అందుకే స్త్రీవాద విమర్శ చేయాల్సిన పని ఇంకో నాలుగు పేర్లు జాబితాలో చేర్చడంతో అయిపోదని నా అభిప్రాయం. వియోనేని గొప్ప కళాకారిణి అని ఒప్పించి ఊరుకుంటే ఆమె వెనక కూర్చున్న వెయ్యిమంది మళ్ళీ మాయమవుతారు. గొప్పతనానికి కొలతబద్దే మార్చాలి. గుడ్డ ఎలా కోశారు, ఎవరు కుట్టారు, ఆ నూలు ఎవరి ఊపిరితిత్తుల మీదుగా వచ్చింది, వేసుకున్న మనిషి చేతులెత్తగలిగిందా, అడుగు వేయగలిగిందా? ఒక బొమ్మ గురించి రాసేటప్పుడు రంగూ రేఖా గురించి అడిగినంత శ్రద్ధగా ఈ ప్రశ్నలు అడగాలి. వాటికి జవాబులు వెతకడం మొదలుపెడితే, బట్టని తిరగేసి కుట్లు చూడటం మనవాళ్ళకి ఎప్పటి నుంచో తెలిసిన విద్యే అని గుర్తొస్తుంది. జాకెట్టు తెచ్చుకోగానే ప్రతి ఆడమనిషీ ముందు చేసే పని అదే కదా.